బూస్ట్ ఎంతుంటే బండి అంత లాగుతుందా? టర్బో ప్రెషర్ చూసుకోవడం, సరిచేసుకోవడం

పోయిన దాళ్వా కోతలప్పుడు రాజోలు నుంచి పాలకొల్లు వెళ్తూ చించినాడ వంతెన ఎక్కుతుంటే మా డీజిల్ కారు మూడో గేర్‌లో కూడా ఈడ్చుకుంటూ ఎక్కింది. లోపల అయిదుగురం, డిక్కీలో ఒక బస్తా కొబ్బరికాయలు, ఏసీ వేసి ఉంది, అంతే. అదే లోడుతో అంతకు ముందు నాలుగో గేర్‌లో ఎక్కేసేది. మర్నాడు షెడ్డుకి తీసుకెళ్తే మెకానిక్ బానెట్ ఎత్తి, నిలబెట్టిన బండినే రెండు మూడు సార్లు గట్టిగా రైజ్ చేసి, స్కానర్‌లో చూసి, "బూస్ట్ రావట్లేదండి, టర్బో పోయింది, మార్చేయాలండి" అన్నాడు. బూస్ట్ అంటే టర్బో అదనంగా నొక్కి ఇంజిన్‌లోకి పంపే గాలి ఒత్తిడి. ఖర్చు 40 వేలు దాటుతుందన్నాడు. తీరా చూస్తే టర్బోకి ఏమీ కాలేదు, పోయింది 1,800 రూపాయల రబ్బరు గొట్టం. ఆ వారం రోజుల్లో నేను నేర్చుకున్నది, ఆ తర్వాత చుట్టాల బండ్లు నాలుగైదు చూసినప్పుడు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను. టర్బో బండి ఉన్న ప్రతి ఒక్కరూ ఈ మాత్రం తెలుసుకుంటే ఊరికే డబ్బు పోగొట్టుకోరు.

ముందు అసలు విషయం. ఇంజిన్‌కి బలం ఇచ్చేది లోపల కాలే ఇంధనం. అది పూర్తిగా కాలాలంటే సరిపడా గాలి ఉండాలి. కొలిమిలో బొగ్గు ఎంత పోసినా తిత్తి ఊదకపోతే ఇనుము ఎర్రబడదు కదా, ఇదీ అంతే. ఒక కిలో పెట్రోలు సరిగ్గా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. డీజిల్‌కి ఇంకా ఎక్కువే ఇవ్వాలి, లేకపోతే నల్లపొగ వస్తుంది. మన ఎండాకాలం వేడికి ఒక లీటరు గాలి బరువు 1.15 గ్రాములు మించదు. కాబట్టి మామూలు ఇంజిన్ తనంతట తాను పీల్చుకునే గాలితో కొంత ఇంధనమే కాల్చగలదు. టర్బో ఏం చేస్తుందంటే, సైలెన్సర్ వైపు వృథాగా పోయే వేడి పొగతో ఒక చక్రం తిప్పి, అదే షాఫ్ట్‌కి రెండో చివర ఉన్న ఇంకో చక్రంతో బయటి గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపుతుంది. చిన్న కార్లలో ఆ షాఫ్ట్ నిమిషానికి 2 లక్షల చుట్ల దాకా తిరుగుతుంది. అంత వేగంలో దాన్ని కాపాడేది ఇంజిన్ ఆయిల్ పొర ఒక్కటే, అందుకే టర్బో బండికి ఆయిల్ మార్పు వాయిదా వేయకూడదు. ఈ ఆలోచనకి స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు.

ఇప్పుడు బూస్ట్ అంకె. ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. మీటర్ మీద 1 బార్ బూస్ట్ అని కనిపిస్తే ఇంజిన్‌లోకి వెళ్ళే గాలి మొత్తం ఒత్తిడి 1 బార్ అనుకోకండి. బయట ఉన్న గాలికి ముందే దాదాపు 1 బార్ ఒత్తిడి ఉంది, పీఎస్ఐలో అయితే 14.7. బూస్ట్ దాని పైన వేసిన అదనం. అంటే మొత్తం 2 బార్. లెక్క ఎప్పుడూ ఈ మొత్తం మీదే వేయాలి. మా బండి బూస్ట్ 1.1 నుంచి 0.4కి పడిపోయిందని తెలిసినప్పుడు నేను మూడింట రెండొంతుల పవర్ పోయిందనుకున్నాను. మొత్తం మీద చూస్తే 2.1 నుంచి 1.4, అంటే గాలి మూడో వంతు తగ్గింది. పవర్ కూడా కాస్త అటూ ఇటూగా అంతే తగ్గుతుంది. ఇంజిన్ సొంత రాపిడికి పోయేది ఎలాగూ పోతుంది కాబట్టి చక్రాల దగ్గరకొచ్చేసరికి ఆ నష్టం ఇంకొంచెం పెరుగుతుంది.

అయితే ఒత్తిడి రెండింతలైతే గాలి బరువు కూడా రెండింతలవుతుందా అంటే, అవదు. సైకిల్ పంపుతో టైరుకి గబగబా గాలి కొట్టి, వెంటనే పంపు అడుగు భాగం పట్టుకుని చూడండి, చేయి కాలుతుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి పలచబడుతుంది. బయట 35 డిగ్రీలు ఉన్న రోజున 1 బార్ బూస్ట్ వేస్తే, టర్బో నుంచి బయటకొచ్చే గాలి దాదాపు 130 డిగ్రీలు ఉంటుంది. టర్బో సామర్థ్యం 70 శాతం అనుకుని వేసిన లెక్క ఇది. అలాగే ఇంజిన్‌లోకి పంపిస్తే మామూలు కంటే ఒకటిన్నర రెట్లే గాలి వెళ్తుంది. మధ్యలో ఇంటర్‌కూలర్ పెట్టి దాన్ని 65 డిగ్రీల దగ్గరకి దించితే 1.8 రెట్లు వెళ్తుంది. మీటర్ మీద బూస్ట్ రెండు సందర్భాల్లోనూ అదే 1 బార్! ఒత్తిడి మారకుండానే పవర్ మారింది. అందుకే బంపర్ వెనక ఇంటర్‌కూలర్ రెక్కల మధ్య బురద పేరుకుపోయిన బండి, మీటర్ మీద అంకె బాగానే చూపిస్తూ మధ్యాహ్నం ఎండలో మొద్దుగా నడుస్తుంది. చేపల చెరువుల గట్ల మీద తిరిగే బండ్లకి ఇది తరచూ చూశాను. పైపు నీళ్ళతో మెల్లగా, రెక్కలు వంగకుండా కడిగితే చాలు. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెట్టి కొట్టొద్దు.

ఇదే విషయం కంపెనీల లెక్కల్లోనూ కనిపిస్తుంది. మన ఊళ్ళల్లో ఎక్కువగా తిరిగిన 1.3 డీజిల్, 1248 సీసీది, స్విఫ్ట్‌లో 75 పీఎస్ (పవర్ కొలత, హార్స్‌పవర్ లాంటిదే) ఇచ్చేది. అదే సీసీ ఇంజిన్ ఎర్టిగాలో 90 పీఎస్. తేడా ఎక్కడంటే, ఎర్టిగాలో రెక్కల కోణం మార్చుకునే వేరియబుల్ టర్బో ఉంది, దానికి తగ్గట్టు ఇంధనం కూడా సర్దారు. ఇంకో సంగతి గమనించండి. స్విఫ్ట్ డీజిల్‌కి 190 న్యూటన్ మీటర్ల టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) 2000 ఆర్పీఎం దగ్గర వస్తుంది, 75 పీఎస్ మాత్రం 4000 దగ్గర. టార్క్‌ని ఆర్పీఎంతో గుణించి సుమారు 7000తో భాగిస్తే పవర్ వస్తుంది. 2000 దగ్గర వేసి చూడండి, 54 పీఎస్ తేలుతుంది. వెనక్కి లెక్కేస్తే 4000 దగ్గర ఉన్న టార్క్ 132 మాత్రమే. అంటే వంతెన ఎక్కేటప్పుడు వీపు మీద తోసినట్టు అనిపించే ఆ లాగుడు బూస్ట్ పూర్తిగా వచ్చిన చోట ఉంటుంది, పేపర్ మీద రాసే పవర్ అంకె ఇంకెక్కడో ఉంటుంది. రోజూ నడపడానికి మనకి పనికొచ్చేది మొదటిదే.

సరే, మీ బండిలో బూస్ట్ ఎలా చూసుకోవాలి. స్టీరింగ్ కింద, ఇంజిన్ కంప్యూటర్ అంకెలు చదవడానికి 16 పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది, పదేళ్ళ లోపు కార్లన్నిటికీ ఉంటుంది. దానికి పెట్టే బ్లూటూత్ అడాప్టర్ 1,000 రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది, ఫోన్‌లో ఏదైనా ఓబీడీ యాప్ వేసుకుంటే సరిపోతుంది. యాప్‌లో 'ఇన్‌టేక్ మానిఫోల్డ్ ప్రెషర్' అనే అంకె తీసుకోండి. అది కేపీఏలో (కిలోపాస్కల్స్) ఉంటుంది, 100 కేపీఏ అంటే 1 బార్. ఇది మొత్తం ఒత్తిడి అని మర్చిపోకండి. దీంట్లోంచి బయటి గాలి ఒత్తిడి తీసేస్తే బూస్ట్.

ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, కీ మాత్రం ఆన్ చేసి మొదటి అంకె రాసుకోండి. మన డెల్టా అంతా సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంది కాబట్టి ఇక్కడ 100, 101 రావాలి, వాయుగుండం పట్టిన రోజుల్లో ఒకటి రెండు తక్కువ. అమలాపురంలో నిలబడి 92 చూపిస్తోందంటే సెన్సార్ తేడాగా ఉందన్నమాట, ముందు దాని సంగతి చూడాలి. అదే బండిని లంబసింగి తీసుకెళ్తే, అక్కడ సుమారు 1000 మీటర్ల ఎత్తు, 90 చూపించడం సహజం. టర్బో లేని బండి అక్కడ పదో వంతు బలం పోగొట్టుకుంటుంది. టర్బో బండి మాత్రం చక్రాన్ని ఇంకొంచెం వేగంగా తిప్పి ఆ లోటు చాలావరకు పూడ్చుకుంటుంది. మారేడుమిల్లి ఘాట్ ఎక్కేవాళ్ళు టర్బో డీజిల్‌ని అంతగా మెచ్చుకోవడానికి తక్కువ ఆర్పీఎంలో వచ్చే టార్క్‌తో పాటు ఇదీ ఒక కారణం.

రెండో అంకె లోడు మీద తీసుకోవాలి. ఇది గట్టిగా చెప్తున్నాను: నిలబెట్టిన బండిని న్యూట్రల్‌లో రైజ్ చేసి బూస్ట్ చూడటం పరీక్షే కాదు. లోడు లేనప్పుడు ఇంజిన్ కొద్దిపాటి ఇంధనమే కాలుస్తుంది, పొగలో వేడి, ఊపు ఉండవు, టర్బో తిరగడానికి బలం అందదు. ఎంత మంచి టర్బో అయినా అప్పుడు అరకొర బూస్టే చూపిస్తుంది. మా బండికి షెడ్డులో జరిగిన తప్పు ఇదే. కోనసీమలో ఎత్తు రోడ్లు లేవు, ఉన్న ఎక్కుడల్లా వంతెనలే. కాబట్టి తెల్లవారుజామున ఖాళీగా ఉన్నప్పుడు 216 హైవే లాంటి వెడల్పు రోడ్డు మీద, ఇంజిన్ బాగా వేడెక్కాక, మూడో గేర్‌లో 1500 ఆర్పీఎం నుంచి ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కి 3500 దాకా తీసుకెళ్ళండి. వేగం 80 దాటాల్సిన పని ఉండదు. ఫోన్ పక్కన కూర్చున్నవాళ్ళే చూడాలి. కాలువ గట్టు రోడ్ల మీద, ధాన్యం ఆరబోసిన రోడ్ల మీద ఈ పని అస్సలు వద్దు. నేను నడుపుతుంటే మా తమ్ముడు ఫోన్ పట్టుకున్నాడు, "అన్నయ్యా, 140 దగ్గరే ఆగిపోతోంది, పైకి పోవట్లేదు" అన్నాడు. మామూలు చిన్న డీజిల్ కార్లు చాలావరకు 2000, 2500 ఆర్పీఎం మధ్య 190 నుంచి 240 దాకా చేరతాయి. మీ మోడల్‌కి ఎంతో సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోండి, లేదా అదే మోడల్ మంచి బండి ఇంకోటి తెచ్చి పోల్చుకోండి, ఇంతకంటే నమ్మకమైన పద్ధతి లేదు. ఒక చిన్న జాగ్రత్త, ఈ రీడింగ్ చాలా యాప్‌లలో 255 దగ్గర ఆగిపోతుంది, ఆ ప్రామాణిక సిగ్నల్‌కి ఉన్న హద్దే అది. 255 దగ్గర కదలకుండా ఉంటే అసలు ఒత్తిడి అంతకన్నా ఎక్కువ ఉండొచ్చు.

బూస్ట్ తక్కువ వచ్చింది, ఇక పొగ చూడండి. వెనక ఒక బండిలో ఎవరినైనా రమ్మనండి. లాగుడు లేదు, నల్లపొగ గుప్పుగుప్పుమని వస్తోంది అంటే, ఎయిర్ ఫిల్టర్ దగ్గర సెన్సార్ లెక్కపెట్టిన గాలి దారిలో ఎక్కడో బయటికి పోతోంది, కంప్యూటర్ మాత్రం అంత గాలి ఉందనుకుని డీజిల్ పోస్తోంది అని అర్థం. లాగుడు లేదు, పొగ కూడా లేదు అంటే గాలి తక్కువని కంప్యూటర్ గ్రహించి డీజిల్ తగ్గించేసింది. ఇంజిన్ లైటు వెలిగితే స్కానర్‌లో కోడ్ చూడండి, పీ0299 అంటే బూస్ట్ తక్కువ, పీ0234 అంటే ఎక్కువ. పీ0299 అంటే టర్బో పోయిందని అర్థం కాదు, దయచేసి ఆ ఒక్క కోడ్ చూసి టర్బో మార్పించకండి.

మొదట ఎయిర్ ఫిల్టర్. కోతల సీజన్‌లో మన రోడ్ల మీద గాలిలో పొట్టు, దుమ్ము ఎంత ఉంటుందో తెలిసిందే, నాది విప్పితే ఒక గుప్పెడు ఊక రాలింది. తర్వాత గొట్టాలు. ఇంజిన్ చల్లారాక టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి, అక్కడి నుంచి ఇంజిన్‌కి వెళ్ళే గొట్టాలని చివరిదాకా వేళ్ళతో తడిమి చూడండి, ముఖ్యంగా కంటికి కనిపించని అడుగు వైపు. మా బండిలో ఇంటర్‌కూలర్ నుంచి వచ్చే గొట్టం పైనుంచి కొత్తదానిలా ఉంది. క్లాంప్ కింద అడుగు వైపు చేయి పెడితే జిడ్డు తగిలింది. టార్చ్ వేసి చూస్తే ఆ జిడ్డు మీద దుమ్ము అంటుకుని విసనకర్రలా విచ్చుకున్న ఒక నల్లటి మరక. గొట్టాన్ని వంచితే క్లాంప్ అంచు వెంబడి వేలెడు పొడుగు చీలిక నోరు తెరిచింది, వదిలితే మళ్ళీ అతుక్కున్నట్టు మూసుకుపోయింది. ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు అది మూసుకునే ఉంటుంది, బూస్ట్ వచ్చినప్పుడే తెరుచుకుని గాలి వదిలేస్తుంది. వంతెన ఎక్కేటప్పుడు వినిపించిన 'సుయ్' మనే చప్పుడు దానిదే, నేను టర్బో ఈల అనుకున్నాను. గొట్టం లోపల పలచగా ఆయిల్ తడి ఉంటే కంగారు పడకండి, అది మామూలే. బయట తడి ఉంటేనే అనుమానించాలి.

వేళ్ళకి దొరక్కపోతే షెడ్డులో గాలి పరీక్ష చేయించండి. టర్బో నోటికి బిరడా బిగించి, రెగ్యులేటర్ పెట్టి అర బార్ నుంచి మొదలుపెట్టి మెల్లగా గాలి ఎక్కించి, సబ్బు నీళ్ళు చల్లితే బుడగలు వచ్చిన చోటే లీకు. టైర్ల కంప్రెసర్‌ని రెగ్యులేటర్ లేకుండా నేరుగా పెడితే గొట్టాలు, సీళ్ళు ఎగిరిపోతాయి.

గొట్టాలు బాగుంటే, బూస్ట్‌ని అదుపు చేసే ఆక్చువేటర్‌కి వెళ్ళే సన్నటి వ్యాక్యూమ్ పైపు చూడండి. చేలల్లో కోతలయ్యాక ఎలుకలు ఇళ్ళల్లోకి, బండ్లల్లోకి చేరతాయి, ఆ పైపు కొరికేసిన బండి ఒకటి చూశాను, ఖర్చు 100 రూపాయలు కూడా కాలేదు. ఆ తర్వాత వేస్ట్‌గేట్ (ఎక్కువైన పొగని టర్బో చక్రానికి తగలకుండా పక్కకి వదిలే తలుపు) గానీ వేరియబుల్ టర్బో రెక్కలు గానీ మసి పట్టి ఇరుక్కుపోయాయేమో. డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయినా బూస్ట్ తగ్గుతుంది, ఎందుకంటే కాలే డీజిల్ తగ్గితే టర్బోని తిప్పే పొగ తగ్గుతుంది. ఇవన్నీ అయ్యాకే టర్బో షాఫ్ట్ పట్టుకుని ఆడించి చూడాలి. అటూ ఇటూ కొంచెం కదలడం సహజం. ముందుకీ వెనక్కీ ఆడితే, లేదా చక్రం అంచు గోడకి రాసుకున్న గీతలుంటే, అప్పుడు టర్బో పోయినట్టు.

బూస్ట్ సరిగ్గానే ఉండి బండి లాగకపోతే? ఈజీఆర్ వాల్వ్, అంటే కాలిన పొగలో కొంత మళ్ళీ ఇంజిన్‌లోకి పంపేది, తెరిచి ఇరుక్కుపోయి ఉండొచ్చు. అప్పుడు ఒత్తిడి ఉంటుంది గానీ అందులో కొంత భాగం ముందే కాలిపోయిన పొగ, మంటకి పనికొచ్చే ఆక్సిజన్ తక్కువ. ప్రెషర్ అంకె ఒక్కటే పట్టుకుని కూర్చోవద్దని నేను అనేది ఇందుకే.

చివరిగా, కుర్రాళ్ళు ఎక్కువగా అడిగేది: రీమ్యాప్ చేయించి, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లో సెట్టింగులు మార్పించి, బూస్ట్ పెంచుకోవచ్చా అని. పవర్ పెరుగుతుంది, అబద్ధం చెప్పను. కానీ ఎంత అనేది లెక్కేసి చూడండి. 1.0 బార్ నుంచి 1.3కి పెంచితే 30 శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. మొత్తం మీద అది 2.0 నుంచి 2.3, అంటే 15 శాతం. టర్బో తన హద్దు దాటి తిరుగుతుంది కాబట్టి గాలి 130కి బదులు 160 డిగ్రీలకి చేరి, ఇంటర్‌కూలర్ దాటాక కూడా 73 దగ్గర ఉంటుంది, గాలి బరువు పెరిగేది 12 శాతమే. పొగ బయటకి పోయే దారిలో వెనక ఒత్తిడి పెరిగి అందులోనూ కొంత తినేస్తుంది. దీనికి బదులుగా సిలిండర్‌లో ఒత్తిడి, హెడ్ గాస్కెట్ మీద భారం, టర్బో చక్రం వేగం, క్లచ్ మీద లోడు అన్నీ పెరుగుతాయి. పెట్రోల్ టర్బోలో అయితే ఇంకో ఇబ్బంది, ఒత్తిడి, వేడి కలిసి నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి దానంతట అదే అంటుకుని టకటక కొట్టడం) వస్తుంది, దాన్ని ఆపడానికి కంప్యూటర్ స్పార్క్‌ని ఆలస్యం చేస్తుంది, పెంచిన పవర్ అక్కడే కరిగిపోతుంది. పైగా కంపెనీ ఇచ్చిన దానికి భిన్నంగా బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, వారంటీ కూడా పోతుంది. నన్నడిగితే ఆ డబ్బుతో గొట్టాలు, ఫిల్టర్లు, ఆయిల్ కొత్తవి వేయించి, ఇంటర్‌కూలర్ శుభ్రం చేయించండి. పదేళ్ళ బండి చాలాసార్లు ముందే పది, ఇరవై శాతం పోగొట్టుకుని తిరుగుతుంటుంది, ముందు అది వెనక్కి తెచ్చుకోవాలి.

బండి బాగున్నప్పుడే ఈ రెండు అంకెలు తీసి, తేదీ, కిలోమీటర్లు, ఆ రోజు ఎండ, లోపల ఎంతమంది ఉన్నారో ఒక పుస్తకంలో రాసి డాష్‌బోర్డులో పెట్టుకోండి. ఆరు నెలలకోసారి మళ్ళీ తీస్తే, లాగుడు తగ్గిందని మనకి తెలిసేలోపే అంకె చెప్పేస్తుంది. మాది నిన్న తెల్లవారుజామున తీశాం: కీ ఆన్‌లో 101, మూడో గేర్‌లో 2300 దగ్గర 210, బయట 27 డిగ్రీలు, ఇద్దరం.